నూలు బట్టకు తనంతట తానే శుభ్రపడే పూత వేయడం ఎలా?

నూలు బట్టపై టైటానియం డయాక్సైడ్ నానోకణాల పూత వేసి ఎండలో ఉంచితే, దానిపై పడిన కాఫీ మరక కొన్ని గంటల్లో వెలిసిపోతుంది, బట్టను అంటుకున్న బ్యాక్టీరియా కూడా నశిస్తుంది. ప్రయోగశాల వసతి ఉన్నవారెవరైనా రెండు రోజుల్లో పూర్తి చేయగల పని ఇది. అయినా ఈ పని కొత్తగా నేర్చుకున్నవారు నా దగ్గరకు తెచ్చే బట్టలు చాలావరకు మొదటి ఉతుకులోనే పీలికలవుతాయి, లేదా చేత్తో రుద్దితే తెల్లటి పొడి రాలుస్తాయి. ఈ రెండు లోపాలూ ఒకే దశలో, పూత ద్రవంలోని ఆమ్లాన్ని బట్ట నుంచి తీసే దశలో చేసిన పొరపాటు వల్ల వస్తున్నాయి. అందుకే మిగతా దశలను క్లుప్తంగా ముగించి, ఆ ఒక్కదాని గురించి వివరంగా రాస్తున్నాను.

ముందుగా పూత ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. అనటేజ్ అనే స్ఫటిక రూపంలో ఉన్న టైటానియం డయాక్సైడ్‌పై సుమారు 388 నానోమీటర్లకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి పడినప్పుడు, అందులోని ఎలక్ట్రాన్లు ఉత్తేజితమై గాలిలోని ఆక్సిజన్‌తో, అవి వదిలిన ఖాళీలు తేమతో చర్య జరుపుతాయి. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు మరక అణువులను, సూక్ష్మజీవుల పైపొరను ఆక్సీకరిస్తాయి. టైటానియం డయాక్సైడ్‌కు ఉన్న ఈ కాంతి ఉత్ప్రేరక శక్తిని 1972లో ఫుజిషిమా, హోండా అనే జపాన్ శాస్త్రవేత్తలు నీటిని విడగొట్టే ప్రయోగంతో లోకం దృష్టికి తెచ్చారు. అయితే మామూలు పద్ధతిలో అనటేజ్ స్ఫటికాలు ఏర్పడడానికి 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి, ఆ వేడికి నూలు మాడిపోతుంది. తక్కువ వేడిలోనే నూలుపై అనటేజ్‌ను ఏర్పరచవచ్చని హాంకాంగ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీలో దావూద్, షిన్ అనే పరిశోధకులు 2004లో చూపించారు. కింద చెప్పబోయే విధానం ఆ కోవకు చెందినదే.

కావలసినవి

టైటానియం టెట్రాఐసోప్రొపాక్సైడ్ (టైటానియం డయాక్సైడ్ దీని నుంచే తయారవుతుంది), 65 శాతం గాఢత గల నత్రికామ్లం, ఐసోప్రొపనాల్, సోడియం కార్బనేట్, స్వేదనజలం, ఆమ్లత్వాన్ని చూపే పీహెచ్ కాగితాలు, వేడి చేస్తూ కలిపే మాగ్నెటిక్ స్టిర్రర్, బ్యూరెట్, ఓవెన్, సన్నటి తుంపర్లు చిమ్మే స్ప్రే సీసా. రసాయనాలను ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కిందనే, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి కలపాలి. దగ్గరలో మంట ఉండకూడదు. ఇది వంటగదిలో ప్రయత్నించవలసిన పని కాదు.

బట్ట విషయంలో నా నియమం ఒక్కటే: రంగు వేయని, మెరుపు తెల్లదనం కోసం ఏ రసాయనమూ కలపని నూలు బట్ట తీసుకోవాలి. పూత మరకనూ రంగునూ వేరుచేసి చూడలేదు కాబట్టి, రంగు బట్టకు వేస్తే రంగు కూడా వెలిసిపోతుంది. తెల్లదనం పెంచే రసాయనాలేమో పూతకు అందవలసిన అతినీలలోహిత కాంతిని తామే పీల్చుకుంటాయి.

బట్టను సిద్ధం చేయడం

మగ్గంపై పడుగుకు పెట్టిన గంజి, నూలులో సహజంగా ఉండే మైనం పూర్తిగా పోవాలి. అయానులు లేని (నాన్‌అయానిక్) డిటర్జెంటుతో 80 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి, బాగా జాడించి, ఆరబెట్టండి. ఆరిన బట్టపై ఒక నీటి బొట్టు వేస్తే అది ముత్యంలా నిలబడకుండా వెంటనే ఇంకిపోవాలి. నిలబడితే మళ్లీ ఉడికించండి.

పూత ద్రవం తయారుచేయడం

100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో 0.7 మిల్లీలీటర్ల నత్రికామ్లం కలిపి, 70 డిగ్రీలకు వేడి చేసి, సుడి తిరిగేంత వేగంగా కలుపుతూ ఉండండి. 5 మిల్లీలీటర్ల టైటానియం టెట్రాఐసోప్రొపాక్సైడ్‌ను అంతే ఐసోప్రొపనాల్‌లో కలిపి, పొడి బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా అరగంటసేపు వదలండి. నీరు తగిలిన ప్రతి చుక్కా పాలు విరిగినట్టు తెల్లటి తునకలవుతుంది. దాన్ని చూసి పాడైపోయిందనుకుని పారబోసినవారు ఉన్నారు. ఆ తునకలే 16 గంటలపాటు 70 డిగ్రీల వద్ద కలుపుతూ ఉంటే ఆమ్లం ప్రభావంతో నానోకణాలుగా విడిపోతాయి. మర్నాటికి బీకరులోని ద్రవం నీళ్లు బాగా కలిపిన పాలలా పలచబడి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లేత నీలి ఛాయలో కనిపిస్తుంది. తగ్గిన నీటిని స్వేదనజలంతో భర్తీ చేయండి. అడుగున మడ్డి కనిపిస్తే ఇంకో రెండు గంటలు కలపండి.

ఇంత శ్రమ ఎందుకు, అంగట్లో దొరికే టైటానియం డయాక్సైడ్ నానోపొడిని ఏదైనా అక్రిలిక్ జిగురులో కలిపి పూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఆ పద్ధతిని నేను ఎన్నడూ సిఫారసు చేయను. జిగురు కణాలను కప్పేయడం వల్ల మరక వాటిని తాకదు. పైగా కాంతి తగిలినప్పుడు కణాలు ముందుగా తమను పట్టుకుని ఉన్న జిగురునే తినేస్తాయి, ఆ తర్వాత పొడి రాలుతుంది. టైటానియం డయాక్సైడ్ ధూళిని పీల్చడం మనుషులకు క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బి వర్గంలో చేర్చింది కూడా. ద్రవంలోనే పుట్టి, ద్రవం నుంచే బట్టకు చేరే కణాలతో పొడిని చేతపట్టవలసిన అవసరమే రాదు. నూలు పోగుపై ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలతో (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలతో) కణాలు నేరుగా బంధం ఏర్పరచుకుంటాయి కాబట్టి జిగురు అవసరమూ ఉండదు.

ముంచి పిండడం

చల్లారిన ద్రవంలో బట్టను ఒక నిమిషం ముంచి, ప్యాడింగ్ యంత్రపు రోలర్ల మధ్య పిండండి. యంత్రం లేకపోతే గాజు పలకపై పరచి, లావాటి గాజు కడ్డీని ఒకే ఒత్తిడితో దొర్లించవచ్చు. చేత్తో మెలిపెట్టి పిండితే మెలికల దగ్గర ద్రవం నిలిచిపోతుంది. 10 గ్రాముల పొడి బట్ట పిండిన తర్వాత 17 నుంచి 18 గ్రాములు తూగాలి. అంత ద్రవంలో, ఆరిన తర్వాత బట్ట బరువులో దాదాపు ఒక శాతం టైటానియం డయాక్సైడ్ మిగులుతుంది. అంతకు మించి ఎక్కించాలని రెండు మూడుసార్లు ముంచేవారి బట్ట అట్టలా బిరుసెక్కుతుంది, పనితనం మాత్రం ఆ లెక్కన పెరగదు.

ఆమ్లం తీయడం

ఇక్కడ తొందరపడకండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న బట్ట నత్రికామ్లంతో తడిసి ఉంది, దాని పీహెచ్ 1 దగ్గర ఉంటుంది (7 అంటే తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం). తడిగా ఉన్నంతసేపు ఆ ఆమ్లం పలచగా ఉండి బట్టకు వెంటనే హాని చేయదు. బట్టను ఓవెన్‌లో పెట్టగానే నీరు ముందుగా ఆవిరైపోతుంది, మిగిలిన ఆమ్లం నిమిషనిమిషానికీ చిక్కబడి, నూలు పోగుకు మూలమైన సెల్యులోజ్ గొలుసులో గ్లూకోజ్ అణువులను కలిపే బంధాలను వేడిలో తెంచేస్తుంది. ఈ నష్టం కంటికి ఆనదు. ఓవెన్ నుంచి తీసిన బట్ట తెల్లగా, చక్కగానే ఉంటుంది.

నా దగ్గర పని నేర్చుకున్న ఒక విద్యార్థి పిండిన బట్టను నాలుగు మడతలు వేసి ఓవెన్‌లో పెట్టింది. మరక పరీక్షలో ఆ బట్ట అద్భుతంగా నెగ్గింది. తర్వాత నీటిలో జాడించినప్పుడు సరిగ్గా మడత గీత వెంబడి, తడిసిన కాగితంలా రెండుగా విడిపోయింది. తెగిన చోటి పోగును భూతద్దం కింద చూస్తే, నూలు తెగినప్పుడు కనిపించే పీచు కుచ్చు లేకుండా కత్తిరించినట్టు మొండిగా ఉంది. మడతలో నిలిచిన ద్రవం ఆమ్లాన్ని అక్కడే పోగుచేసి పోగులను కొరికేసింది. అందుకే ఈ దశ పూర్తయ్యేదాకా బట్టను మడవకూడదు, వేలాడదీయకూడదు; వేలాడదీస్తే ద్రవమంతా కింది అంచుకు దిగుతుంది. నైలాన్ వలపై పరిచి ఉంచాలి.

బీకరులోని ద్రవానికే క్షారం కలిపి, ఆమ్లం పోయాక బట్టను ముంచితే సులువు కదా అనిపిస్తుంది. అలా చేయకూడదు. నానోకణాలు ఒకదానికొకటి అంటుకోకుండా తేలుతున్నది వాటిపై ఉన్న ధన విద్యుదావేశం వల్లనే, ఆ ఆవేశాన్ని ఇచ్చింది ఆమ్లం. పీహెచ్ 6 దగ్గరకు వచ్చేసరికి ఆవేశం సున్నా అవుతుంది, కణాలన్నీ గుంపుకట్టి తెల్లటి ముద్దలుగా అడుగుకు చేరతాయి. ఆ ముద్దలను బట్టకు ఎక్కించినా అవి నూలును పట్టుకోలేక పొడిగా రాలిపోతాయి. కాబట్టి కణాలు ముందు పోగులపై కుదురుకోవాలి, ఆమ్లం ఆ తర్వాత పోవాలి. పిండిన బట్టను వలపై పరిచి పది నిమిషాలు కదపకుండా ఉంచమని నేను పట్టుబట్టేది అందుకే.

పది నిమిషాలయ్యాక ఒక శాతం సోడియం కార్బనేట్ ద్రావణాన్ని అడుగు దూరం నుంచి సన్నటి తుంపర్లుగా చిమ్మండి. ముందు ఒక వైపు పలచగా, రెండు నిమిషాలు ఆగి బట్టను తిరగేసి రెండో వైపు, మళ్లీ రెండు నిమిషాల విరామం. ఒకేసారి తడిసి ముద్దయ్యేలా చిమ్మితే రెండు అనర్థాలున్నాయి. ఇంకా కుదురుకోని కణాలు ద్రావణంతో పాటు కొట్టుకుపోతాయి. ఆమ్లం, కార్బనేట్ కలిసినప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు బుడగలు పూతను అక్కడక్కడా పైకి లేపేస్తాయి. 10 గ్రాముల బట్టకు మొత్తం మీద ఐదారు మిల్లీలీటర్ల ద్రావణం పడుతుంది, దాన్ని నాలుగైదు విడతలుగా పంచుకోండి.

ప్రతి విడత తర్వాత పీహెచ్ కాగితాన్ని బట్టపై అదిమి చూడండి. మధ్యలో ఒక చోట చూసి ఊరుకోవద్దు. నాలుగు మూలలు, కుట్టు ఉంటే కుట్టు వెంబడి, రెండు వైపులా చూడండి. ద్రవం ఎప్పుడూ అంచుల దగ్గరే ఎక్కువగా నిలుస్తుంది. కాగితం అన్ని చోట్లా 6.5 నుంచి 7 వరకు చూపించాక ఐదు నిమిషాలు ఆగి మరోసారి చూడండి, ఎందుకంటే పోగు లోపల దాగిన ఆమ్లం నెమ్మదిగా పైకి వస్తుంది. రెండోసారి చూసినప్పుడు పీహెచ్ మళ్లీ 4 దగ్గరకు పడిపోయిన సందర్భాలు నాకు ఎన్నో ఎదురయ్యాయి.

సోడియం కార్బనేట్ బదులు అమ్మోనియా ఆవిరి పట్టించేవారున్నారు. అది బట్టను తడపదు, బుడగలు రావు, చూడడానికి ముచ్చటైన పద్ధతి. కానీ దానివల్ల బట్టలో మిగిలేది అమ్మోనియం నైట్రేట్. బలమైన ఆమ్లాల అమ్మోనియం లవణాలు వేడికి అమ్మోనియాను వదిలి ఆమ్లాన్ని తిరిగి పుట్టిస్తాయి. నూలు బట్టలు ముడతలు పడకుండా రెసిన్ పట్టించే పరిశ్రమలో ఇలాంటి లవణాలను కావాలనే ఉత్ప్రేరకాలుగా వాడుతూ వచ్చారు. పీహెచ్ కాగితం 7 చూపించిన బట్ట ఓవెన్‌లో మళ్లీ ఆమ్లమయం కావడానికి ఆస్కారం ఇచ్చే పద్ధతిని నేను అంగీకరించను.

ఆరబెట్టడం, వేడి పట్టించడం

బట్టను పరిచిన వలతో సహా 80 డిగ్రీల ఓవెన్‌లో పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత 120 డిగ్రీల వద్ద మూడు నిమిషాలు ఉంచండి. చల్లారాక స్వేదనజలంలో రెండు మూడుసార్లు జాడించి, మిగిలిన లవణాన్ని, వదులుగా ఉన్న కణాలను తొలగించండి. అంచు నుంచి ఒక నూలు పోగు లాగి, దానితో పాటు పూత వేయని బట్ట నుంచి మరో పోగు తీసి, రెండింటినీ వేళ్లతో తెంపి చూడండి. రెండింటికీ ఒకే బలం పట్టాలి. పూత వేసిన పోగు తాకగానే పుటుక్కున తెగితే ఆమ్లం మిగిలిపోయినట్టే, ఆ బట్టను బాగుచేసే మార్గం లేదు.

పరీక్షించడం

మూడు ముక్కలు కావాలి: పూత వేసి ఎండలో పెట్టేది, పూత లేకుండా ఎండలో పెట్టేది, పూత వేసి చీకట్లో ఉంచేది. మూడింటిపైనా ఒకే పరిమాణంలో పలచటి కాఫీ బొట్టు వేసి, ఆరాక, గంటగంటకూ ఒకే వెలుతురులో ఫొటో తీయండి. ఎండకు కాఫీ మరక కొంత తనంతట తానే వెలుస్తుంది, కాబట్టి రెండో ముక్క లేకుండా మొదటి ముక్క గురించి ఏమీ చెప్పలేరు. కాఫీ బదులు మిథిలీన్ బ్లూ రంగు వాడినా ఇదే జాగ్రత్త అవసరం. మామూలు ఎల్‌ఈడీ దీపాల కాంతిలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు, ఆ వెలుతురులో పెట్టి పూత పనిచేయలేదని నిర్ణయించకండి.

మరక వెలిసినంత మాత్రాన బట్ట సూక్ష్మజీవులను చంపుతుందని ప్రకటించకూడదు. దానికి ఐఎస్‌ఓ 27447 వంటి ప్రమాణం ప్రకారం సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో, కాంతిలోనూ చీకట్లోనూ బ్యాక్టీరియాను లెక్కించాలి. ఈ పూతకు చీకట్లో చెప్పుకోదగ్గ శక్తి లేదు. వెండి కణాల పూత చీకట్లో కూడా పనిచేస్తుంది గానీ, అది పనిచేసేది వెండి అయానులను వదులుతూ కాబట్టి ఉతికే కొద్దీ తరిగిపోతుంది. టైటానియం డయాక్సైడ్ ఉత్ప్రేరకం, చర్యలో ఖర్చయిపోదు. వెలుతురు పడే తెరలకు, పైకప్పుగా వేసే బట్టలకు నేను దీన్నే ఎంచుకుంటాను.

ఉతికేటప్పుడు తేలికపాటి డిటర్జెంటు చాలు. బట్టలను మెత్తబరిచే ద్రవాలు మాత్రం అసలు వాడకూడదు, వాటి జిడ్డు పొర కణాలను కప్పేస్తుంది. పూత నూలు పోగును కూడా చాలా నెమ్మదిగా ఆక్సీకరిస్తుంది కాబట్టి, మరక పోయాక బట్టను రోజుల తరబడి తీవ్రమైన ఎండలో వదిలేయకండి. మిగిలిన పూత ద్రవాన్ని కాలువలో పోయవద్దు. దానికి సోడియం కార్బనేట్ కలిపి పీహెచ్ 7 దగ్గరకు తెస్తే, బట్టపై మనల్ని భయపెట్టిన తెల్లటి ముద్దలే ఇక్కడ అడుగుకు పేరుకుంటాయి. వాటిని వడకట్టి, ఆరనివ్వకుండా తడిగానే మూత ఉన్న సీసాలో వేసి, రసాయన వ్యర్థాల కింద అప్పగించండి.