పెద్ద వయసు ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్: ఒప్పుకునే ముందు

వయసొక్కటే అడ్డు కాదు. గుండె, కిడ్నీలు, లివర్ మత్తును తట్టుకుంటాయా అన్నదే అసలు ప్రశ్న.

• పాత రిపోర్టులన్నీ డాక్టర్ ముందు పెట్టండి. ఫిట్స్ వచ్చాయా, ఇదివరకు మత్తుతో ఇబ్బంది పడిందా, స్టెరాయిడ్లు గానీ నొప్పి మాత్రలు గానీ వాడుతోందా, అన్నీ చెప్పండి. మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి.

• రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. గుండెలో మర్మర్, అంటే గుండె చప్పుడుతో పాటు అదనపు శబ్దం, వినిపించిందంటే ఎకో (గుండె స్కాన్) తీయించాకే తేదీ ఖాయం చేసుకోండి.

• ఆపరేషన్ వద్దనుకుంటే వచ్చే ముప్పునూ లెక్కలోకి తీసుకోండి. చాలామంది మర్చిపోయేది ఇదే. హీట్ (ఎదకు రావడం) అయిన ఒకటి రెండు నెలల్లో గర్భసంచికి చీము పట్టవచ్చు, దాన్ని పయోమెట్రా అంటారు. అప్పుడు జబ్బుపడ్డ ఒంటికి హడావిడిగా గర్భసంచి తీసే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, పాపం. నీళ్లు మరీ ఎక్కువ తాగడం, తిండి మానేయడం, వాంతులు కనిపిస్తే అదే రోజు చూపించండి. బయటికి ఏమీ కారకపోయినా లోపల చీము ఉండొచ్చు.

• హీట్‌లో ఉన్నప్పుడు ఆపరేషన్ చేస్తే రక్తం ఎక్కువ పోతుంది. తొందర లేకపోతే రెండు మూడు నెలలు ఆగండి.

• తిండి ఎప్పుడు ఆపాలో అడగండి. షుగర్ ఉంటే లెక్క వేరు.

• మత్తులో ఉన్నంతసేపూ బీపీ, ఆక్సిజన్ చూడటానికి విడిగా ఒకరు ఉంటారా? అడగడానికి మొహమాటపడొద్దు.