మస్టాంగ్ కొన్నారు సరే, చలికాలానికి టైర్లు చూసుకున్నారా?

మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికా, కెనడాలకు మాస్టర్స్‌కి వెళ్ళిన పిల్లల్లో కొందరు ఉద్యోగం రాగానే చేసే మొదటి పని మస్టాంగో కమారోనో లాంటి ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనడం. కొనుక్కోండి, నేనేమీ వద్దనడం లేదు, ఇక్కడ ఎయిర్ బైపాస్ రోడ్డులో నాన్నగారి స్విఫ్ట్ నడుపుతూ ఎన్నాళ్ళో కలలుగన్న కారే కదా. కానీ డెట్రాయిట్, షికాగో, మినియాపొలిస్, టొరంటో లాంటి చోట్ల ఉన్నవాళ్ళు మాత్రం అక్టోబర్ నెలాఖరులోపు ఒకసారి కారు పక్కన వంగి, దానికున్నవి ఏ రకం టైర్లో చూడాలి. ఫోటోలు ఎన్ని పెట్టినా ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మనకు ఇక్కడ టైరు గురించి రెండే ప్రశ్నలు తెలుసు. గ్రిప్ అరిగిందా, గాలి సరిపోను ఉందా. ఎండాకాలం 42, 43 డిగ్రీలు కాస్తుంది, డిసెంబర్ తెల్లవారుజామున తిరుమల కొండ మీద స్వెటర్ వేసుకుంటాం, అంతే తప్ప టైరు రబ్బరు గుణమే మారిపోయేంత చలి మన జన్మలో చూసి ఉండం. అందుకే అక్కడికి వెళ్ళాక కూడా "గ్రిప్ బాగానే ఉంది అన్నా, మొన్ననే మార్పించాడంట అమ్మినోడు" అని ధీమాగా ఉంటారు. ఆ మార్పించినవి సమ్మర్ టైర్లయితే గ్రిప్ ఎంత లోతుగా ఉన్నా లాభం లేదు.

అసలు విషయం ఇది. స్పోర్ట్స్ కార్లకు, ముఖ్యంగా పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్ల లాంటివి అదనంగా వచ్చే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్న వాటికి, కంపెనీ నుంచే సమ్మర్ టైర్లు వస్తాయి. ఆ రబ్బరు వేడి రోడ్డును పట్టుకోవడానికి తయారైంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కిందికి దిగితే గట్టిపడటం మొదలవుతుంది, అంటే మీ ఫోన్‌లో ఫారెన్‌హీట్ లెక్కలో 45. మైనస్ 7, అంటే ఫారెన్‌హీట్‌లో 20 కిందికి వెళ్తే ఆ రబ్బరు వేరుశనగ చిక్కీలాగా తయారవుతుంది, వంగాల్సిన చోట పగులుతుంది. కారును ఒక పార్కింగ్ నుంచి ఇంకో పార్కింగ్‌కు కదిపినా గ్రిప్ దిమ్మెల్లో పగుళ్ళు రావచ్చని టైరు కంపెనీలే రాస్తాయి, ఆ పగుళ్ళకు వారంటీ కూడా ఇవ్వవు.

ఇందులో మంచు ఊసే లేదు చూడండి. చాలామంది "మంచు పడ్డాక చూద్దాంలే" అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. నవంబర్ పొద్దున రోడ్డు పొడిగా, ఎండ కాస్తూ, చూడటానికి ఏ సమస్యా లేకుండా ఉంటుంది, బయట మాత్రం 2 డిగ్రీలు. మస్టాంగ్‌లో పెద్ద ఇంజిన్ ఉండే జీటీ రకానికి 2018 నుంచి 2023 మోడల్ వరకు 460 హార్స్‌పవర్, అదంతా వెనక రెండు చక్రాలకే వెళ్తుంది. హైవే ర్యాంప్ మలుపులో కాలు కాస్త గట్టిగా నొక్కితే వెనక భాగం పక్కకు జారిపోతుంది. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉందిగా అంటారేమో, అది ఉన్న పట్టును పంచి పెడుతుందే గానీ లేని పట్టును పుట్టించలేదు. కాబట్టి మంచు సూచన కోసం కాకుండా పొద్దున్నే ఉండే ఉష్ణోగ్రత కోసం చూడండి, వరుసగా కొన్ని రోజులు 7 కన్నా తక్కువ ఉంటుందంటే టైర్లు మార్చే సమయం వచ్చినట్టే.

మీ టైరు ఏదో గుర్తుపట్టడం కష్టం కాదు. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉంటే అది మంచులో పరీక్ష పాసైన టైరు. "ఎం ప్లస్ ఎస్" అని మాత్రమే ఉంటే బురదకు, మంచుకు పనికొచ్చే గాట్లు ఉన్నాయని కంపెనీ తనంతట తాను చెప్పుకుంటోందని అర్థం, దాని వెనక పరీక్ష ఏమీ ఉండనక్కర్లేదు. రెండూ లేకపోతే అది దాదాపు సమ్మర్ టైరే. ఏడాదంతా వాడుకోవచ్చంటూ ఆల్ సీజన్ పేరుతో అమ్మే వాటిలో కూడా తేడాలున్నాయి. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 మీద కొండ బొమ్మ ఉంటుంది, కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ మీద ఉండదు, అది ఎం ప్లస్ ఎస్ మాత్రమే. డాలస్, అట్లాంటా వైపు ఉన్నవాళ్ళకు అది సరిపోతుంది, వాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసినా ఫర్వాలేదు. మిషిగన్, మినెసోటా, ఒంటారియో వాళ్ళు మాత్రం ఆల్ సీజన్‌తో సరిపెట్టుకోవద్దు, వేరే వింటర్ సెట్ కొనండి.

కొన్ని చోట్ల ఇది మన ఇష్టం కూడా కాదు. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. జర్మనీలో మంచు, గడ్డకట్టిన రోడ్డు ఉన్నప్పుడు కొండ బొమ్మ ఉన్న టైర్లే వాడాలి, వట్టి ఎం ప్లస్ ఎస్ టైర్లు 2024 అక్టోబర్ నుంచి చెల్లవు. మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ కొన్న మనవాళ్ళూ ఉన్నారు కాబట్టి చెబుతున్నా.

వింటర్ టైర్లలో రెండు రకాలు. మిషెలిన్ ఎక్స్ ఐస్ స్నో, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ లాంటివి గడ్డకట్టిన మంచు మీద బాగా ఆగుతాయి, కానీ పొడి రోడ్డు మీద స్టీరింగ్ కాస్త మెత్తగా, బద్ధకంగా ఉంటుంది. మిషెలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లి సొట్టోజీరో లాంటి పెర్ఫార్మెన్స్ వింటర్ టైర్లు పొడి రోడ్డు మీద స్పోర్ట్స్ కారులాగే నడుస్తాయి, గడ్డకట్టిన చోట మాత్రం మొదటి రకం కన్నా వెనకబడతాయి. రోడ్లు త్వరగా శుభ్రం చేసే పెద్ద ఊరైతే రెండోది, మీ వీధిలో మంచుగడ్డ వారాల తరబడి కరగదంటే మొదటిది తీసుకోండి. కారు స్పోర్ట్స్ కారు కదా అని కళ్ళు మూసుకుని రెండోదానికి వెళ్ళిపోకండి, జనవరిలో ఎలాగూ రేసులు పెట్టరు. అన్నట్టు వింటర్ టైరు కొత్త విద్యేమీ కాదు, ఫిన్లాండ్‌లో ఇప్పటి నోకియన్ వాళ్ళు 1934లోనే చేశారు. మన సత్యవేడు పక్కన చిన్నపండూరులో ఫ్యాక్టరీ పెట్టిన అపోలో కంపెనీకి కూడా ఈ సరుకు కొత్త కాదు, 2009లో కొన్న డచ్ బ్రాండ్ వ్రెడెస్టైన్ పేరు మీద వింట్రాక్ అనే వింటర్ టైర్లు అమ్ముతోంది. ధర కుదిరితే దాన్నీ చూడండి.

ఇక రిమ్ముల సంగతి. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మన దగ్గర రిమ్ము ఎంత పెద్దదైతే అంత గొప్ప. చలికాలానికి అది తల్లకిందులు, కారుకు పట్టే వాటిలో చిన్న రిమ్ము, దానికి తక్కువ వెడల్పు, ఎక్కువ ఎత్తు ఉన్న టైరు కావాలి. వెడల్పు టైరు మంచు మీదికెక్కి తేలుతుంది, సన్నటిది కోసుకుంటూ కిందికి దిగుతుంది. పైగా అక్కడ పగుళ్ళలోకి దిగిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి రోడ్డును గుంతలు చేసేస్తాయి. మన గుంతలు కనీసం కనబడతాయి, అక్కడివి బురద మంచు కింద దాక్కుంటాయి. 19 అంగుళాల రిమ్ముకు వేలెడంత పక్క గోడ ఉన్న టైరు వేసుకుని అందులో పడితే రిమ్ము వంగడమో చీలడమో ఖాయం.

2015 నుంచి 2023 వరకు వచ్చిన మస్టాంగ్‌నే తీసుకుందాం. పెర్ఫార్మెన్స్ ప్యాక్ జీటీకి ముందు 255/40 ఆర్ 19, వెనక 275/40 ఆర్ 19 వస్తాయి. ఇందులో 255 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 40 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, 19 అంటే రిమ్ము అంగుళాలు. ముందు చక్రం మొత్తం ఎత్తు 687 మిల్లీమీటర్ల దగ్గర, వెనకది 703 దగ్గర. మామూలు జీటీకి వచ్చే 235/50 ఆర్ 18 ఎత్తు 692. అంటే నాలుగు పక్కలా 18 అంగుళాల రిమ్ములు, 235/50 టైర్లు వేసినా స్పీడోమీటర్ పెద్దగా తప్పు చూపదు, నాలుగూ ఒకటే సైజు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకుంటూ సమానంగా అరిగించవచ్చు. మీ కారు ఏదైనా ఇదే లెక్క వేయండి, మొత్తం ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదు.

కానీ ఎత్తు సరిపోయినంత మాత్రాన రిమ్ము పట్టదు. ఆ పెర్ఫార్మెన్స్ ప్యాక్‌కే ముందు బ్రేక్ డిస్కు 380 మిల్లీమీటర్లు, దాని మీద డిస్కును పట్టి ఆపే ఆరు పిస్టన్ల కాలిపర్. కింది మోడల్‌కు వచ్చే 17 అంగుళాల రిమ్ము దాని చుట్టూ తిరగనే తిరగదు, 18లో కూడా పుల్లల వంపును బట్టి కొన్ని పట్టి కొన్ని పట్టవు. నాలుగూ కొనేముందు ఒక రిమ్మును టైరు లేకుండా ముందు చక్రం చోట బిగించి, చేత్తో తిప్పి చూడమనండి. దీనికి విసుక్కునే షాపులో కొనకండి.

బోల్టు లెక్క కూడా అంతే. మస్టాంగ్‌కూ ఐదే, కమారోకూ ఐదే కదా అని స్నేహితుడి దగ్గర తెచ్చుకుంటే కుదరదు, బోల్టులు కూర్చునే వలయం కొలత మస్టాంగ్‌కు 114.3 మిల్లీమీటర్లు, కమారోకు 120. మధ్య రంధ్రం మస్టాంగ్‌కు 70.5, బయట కొనే రిమ్ముల్లో అది పెద్దదిగా ఉంటే సరిపోయే రింగు అడిగి వేయించుకోండి, లేకపోతే హైవే మీద స్టీరింగ్ వణుకుతుంది. నట్లు రిమ్ముకు ఆనే చోటు కొన్నిటికి కోసుగా, కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది. కొత్త రిమ్ముకు పాత నట్లే వాడేస్తే బిగిసినట్టే అనిపించి తర్వాత వదులవుతాయి, చక్రం ఊడిపోయే దారి అదే.

రిమ్ము రంగు గురించి ఒక్క మాట. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది క్రోమ్‌ను, మెరుగు పెట్టిన అల్యూమినియంను పొరలు పొరలుగా తినేస్తుంది. నిండా పెయింట్ ఉన్న మామూలు అల్లాయ్ చాలు, కొలత దొరికితే స్టీల్ రిమ్ములైనా మేలే. అందం ఏప్రిల్‌లో చూసుకోవచ్చు.

డబ్బు మిగులుతుందని వెనక రెండే వింటర్ టైర్లు వేయించేవాళ్ళున్నారు. అలా చేస్తే కారు కదులుతుంది గానీ ముందు చక్రాలు మలుపు తీసుకోవు, ఆగవు. ముందు రెండే వేస్తే వెనక భాగం తిరిగి ముందుకొస్తుంది. నాలుగూ వేయాలి, ఇందులో బేరం లేదు. ఆల్ వీల్ డ్రైవ్ వాళ్ళకూ అంతే, నాలుగు చక్రాలూ లాగడం బయల్దేరడానికి పనికొస్తుంది, బ్రేక్ వేసినప్పుడు ఆపేది రబ్బరే. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ మాత్రం కంపెనీ చెప్పిన దానికన్నా తగ్గకూడదు. స్పీడ్ రేటింగ్ కాస్త తగ్గినా ఫర్వాలేదు, టి అంటేనే గంటకు 190 కిలోమీటర్లు, మంచులో అంతకన్నా వేగం ఎవరికి కావాలి?

సెకండ్ హ్యాండ్ సెట్ దొరికితే తీసుకోవచ్చు, కాకపోతే పక్క గోడ మీద తయారీ వివరాలుండే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 3523 అంటే 2023లో 35వ వారం తయారైంది. ఐదారేళ్ళు దాటిన వింటర్ టైరు ఎంత చవకైనా వద్దు, రబ్బరు మెత్తదనం పోయి ఉంటుంది. గ్రిప్ లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లు చాలంటారు గానీ మంచులో అది దండగ, 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే ముట్టుకోకండి.

బిగించిన తర్వాత చేయాల్సినవి రెండు. నట్లను, ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించాలి, ఈ మస్టాంగ్‌కైతే 150 పౌండ్ ఫీట్, 80 నుంచి 150 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడాలి. రెండోది గాలి. ఉష్ణోగ్రత 5.6 డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పీఎస్ఐ పోతుంది. 20 డిగ్రీలున్న మధ్యాహ్నం 32 పట్టించి వదిలేస్తే, మైనస్ 10 పొద్దునకు అది 26, 27 అయి కూర్చుంటుంది. గాలి తగ్గిందని హెచ్చరించే డ్యాష్‌బోర్డ్ దీపం 25 శాతం తగ్గితే గానీ వెలగదు, అంటే 24 వరకు మీకు ఏమీ తెలియదు. కాబట్టి దీపాన్ని నమ్ముకోకుండా కారు కదపకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. కొత్త రిమ్ములకు గాలి కొలిచే సెన్సర్లు వేరే కొనాలి, లేకపోతే చలికాలమంతా ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఇంటికి ఫోన్ చేసి చెబితే "ఒక కారుకు ఎనిమిది టైర్లేందిరా" అని నాన్న అడుగుతారు, సబబే. ఒక సెట్ తిరిగేటప్పుడు ఇంకోటి అరగదు, రెండూ రెట్టింపు కాలం వస్తాయని చెప్పండి. కొనడం మాత్రం సెప్టెంబర్, అక్టోబర్‌లోనే పూర్తి చేయండి, మొదటి మంచు పడిన వారం షాపుల్లో మీ సైజు ఉండదు, అపాయింట్‌మెంట్ కూడా దొరకదు.

తీసిన సమ్మర్ టైర్లు అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టకండి, మైనస్ చలికి అక్కడే పగుళ్ళు పడతాయి. లోపల చోటు లేకపోతే డబ్బు తీసుకుని సీజనంతా దాచిపెట్టే టైరు షాపులున్నాయి. ఏ టైరు ఏ మూలదో చాక్‌పీస్‌తో రాసి పెట్టండి, రిమ్ముతో ఉన్నవైతే ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టండి, వట్టి టైర్లయితే నిలబెట్టండి. ఒకవేళ చలి గ్యారేజీలోనే ఉండిపోతే ఏప్రిల్‌లో తీసిన వెంటనే దొర్లించడం, బిగించడం చేయకుండా, వెచ్చటి చోట ఒక రోజంతా ఉంచి, పగుళ్ళు లేవని చూసుకున్నాకే షాపుకు తీసుకెళ్ళండి.