మీ పేరు మీద వేరేవాళ్లు అప్పు తీసుకోకుండా చూసుకోవడం ఎలా?

ఇంట్లో దొంగలు పడితే తెల్లారేసరికి తెలిసిపోతుంది. మీ గుర్తింపును దొంగిలిస్తే మాత్రం నెలలు గడిచినా తెలియకపోవచ్చు. మీరు తీసుకోని అప్పుకు వాయిదా కట్టమని ఎవరో ఫోన్ చేసినప్పుడో, మీ మెయిల్ మీకే తెరుచుకోనప్పుడో బయటపడుతుంది.

దీనికి దొంగ చేతిలో ఏదో పెద్ద రహస్యం పడాలని చాలామంది అనుకుంటారు. 2012 ఆగస్టులో మ్యాట్ హోనన్ అనే అమెరికన్ పాత్రికేయుడికి ఏం జరిగిందో చూడండి. దొంగలు ముందు అమెజాన్‌కు ఫోన్ చేశారు. అతని పేరు, మెయిల్, అడ్రస్ చెప్పి ఆ ఖాతాలో ఒక కొత్త కార్డు నంబర్ చేర్పించారు. ఫోన్ పెట్టేసి మళ్లీ చేశారు. ఈసారి "నా ఖాతాలోకి వెళ్లలేకపోతున్నాను" అన్నారు. మీరే అని రుజువేంటి అంటే, ఇందాక తామే చేర్పించిన కార్డు నంబర్ చెప్పారు. అలా లోపలికి వెళ్లాక అతని అసలు కార్డు చివరి 4 అంకెలు కనిపించాయి. ఆ 4 అంకెలూ, అడ్రసూ చెబితే చాలు, యాపిల్ సహాయ కేంద్రం వాళ్లు అప్పట్లో నమ్మేసి ఖాతా తెరిచిపెట్టేవారు. కాసేపట్లోనే ఫోన్, ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్ మూడూ దూరం నుంచే ఖాళీ అయిపోయాయి. వాటిలో ఏడాది పాటు తీసుకున్న కూతురి ఫొటోలు కూడా ఉన్నాయి. ఇంతా చేసింది అతని మూడక్షరాల ట్విటర్ పేరు కొట్టేయడానికి!

ఒక కంపెనీ మామూలు సమాచారం అనుకుని తెరమీద చూపించినదాన్నే ఇంకో కంపెనీ రుజువుగా తీసుకుంది. ఇలా ఒకచోట దొరికిన ముక్కతో ఇంకోచోట తలుపు తీయించడమే గుర్తింపు చోరీ. కాబట్టి మీ వివరాల్లో సగం ఇప్పటికే బయట ఉన్నాయనుకునే మొదలుపెట్టండి. ఆ సగంతో ఎవరికీ పని జరగకుండా చేయడమే కింద చెప్పబోయేదంతా. అన్నీ ఒకేరోజు పూర్తి చేయక్కర్లేదు కానీ, మొదటి మూడూ మాత్రం ఈ వారంలో చేసేయండి.

1. ముందు మెయిల్ సంగతి చూడండి

బ్యాంకు కంటే ముందు మెయిలా అని అనుమానం రావచ్చు. ఏ సైట్‌లోనైనా "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అని నొక్కితే లింకు వచ్చేది మెయిల్‌కే. మెయిల్ చేతిలో ఉంటే మిగతా ఖాతాలు ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి నాలుగు చూడండి. ఒకటి, పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ ఏ ఫోన్ నంబర్‌కు వెళ్తుంది? రెండు, ఏ మెయిల్‌కు వెళ్తుంది? మూడు, ఇప్పుడు మీ ఖాతా ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉంది? గుర్తుపట్టలేనివి కనిపిస్తే వెంటనే తీసేయండి. నాలుగోది చాలామంది ఎప్పుడూ చూడనిది: మీకు వచ్చే మెయిళ్లు ఇంకెక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయా? లోపలికి వచ్చిన దొంగ చడీచప్పుడు లేకుండా ఇక్కడ తన అడ్రస్ పెట్టి వెళ్లిపోతాడు. తర్వాత మీరు పాస్‌వర్డ్ మార్చుకున్నా మీ మెయిళ్లు అతనికి వెళ్తూనే ఉంటాయి.

నేను ఈ మొదటి పని చేసిన రోజు గుండె గుభేల్‌మంది. ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబర్ ఇంకా అక్కడే ఉంది. వదిలేసిన నంబర్లను కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. అంటే నా మెయిల్ తాళంచెవి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి జేబులో ఉందన్నమాట. ఆ మనిషికి ఆ సంగతి తెలియకపోవడం నా అదృష్టం.

2. ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్ పెట్టండి

2013లో యాహూ నుంచి చోరీ అయిన వివరాలు 300 కోట్ల ఖాతాలవి. అంటే అప్పట్లో ఉన్న అన్ని ఖాతాలవీ. ఆ సంగతి పూర్తిగా బయటకు చెప్పింది 2017లో. ఇలా ఎక్కడో పోయిన మెయిల్, పాస్‌వర్డ్ జంటలను దొంగలు వేరే సైట్లలో కూడా వేసి చూస్తారు. ఈ పని మనిషి కూర్చుని చేయక్కర్లేదు, ప్రోగ్రాములు చేసిపెడతాయి. ఎప్పుడో ఆటల సైట్‌కు పెట్టిన పాస్‌వర్డే మీ మెయిల్‌కూ ఉంటే ఇక చెప్పేదేముంది?

పదుల కొద్దీ పాస్‌వర్డ్‌లు ఎవరికి గుర్తుంటాయి? గుర్తుపెట్టుకోవద్దు. పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి, అంటే వాటన్నిటినీ ఒకేచోట దాచిపెట్టే యాప్. మీరు గుర్తుంచుకోవాల్సింది దాన్ని తెరిచే ఒక్క పాస్‌వర్డే. అది పొడుగ్గా ఉండాలి. సంబంధం లేని నాలుగైదు మాటలు వరుసగా రాసుకుంటే పొడుగూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. మేనేజర్ మీద నమ్మకం కుదరని పెద్దవాళ్లు నోటుపుస్తకంలో రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకున్నా నేను తప్పు పట్టను. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడడం కంటే అది ఎంతో నయం.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత సలహాను మర్చిపోవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఊరికే మార్చమంటే జనం చివర ఉన్న 1ని 2 చేసి ఊరుకుంటారు. పాస్‌వర్డ్ బయటపడిందని తెలిస్తే మాత్రం క్షణం ఆగకండి. మీ మెయిల్ ఏయే చోరీల్లో ఉందో "హ్యావ్ ఐ బీన్ పౌన్డ్" (haveibeenpwned.com) అనే సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

ఇక ఆ భద్రతా ప్రశ్నలు. మీ అమ్మగారి పుట్టింటి పేరేంటి, మీ మొదటి బడి ఏది అని అడుగుతుంటారు కదా, వాటికి నిజం చెప్పకండి. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ మెయిల్‌ను ఒక కాలేజీ కుర్రాడు ఇలాగే తెరిచాడు. పుట్టినరోజు, పిన్‌కోడ్, భర్తను ఎక్కడ కలిశారు అన్న ప్రశ్నకు జవాబు, ఇవన్నీ అతనికి ఇంటర్నెట్‌లోనే దొరికాయి. మొదటి బడి పేరు అడిగితే "ఇత్తడి గొడుగు" అని రాయండి. ఆ జవాబును పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోండి.

3. రెండో తాళం వేయండి

పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగేలా చేసుకోవడమే ఇది. ఎస్‌ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ అసలు లేకపోవడం కంటే మేలు. దానికంటే మేలు 30 సెకన్లకోసారి కొత్త కోడ్ చూపించే యాప్. అన్నిటికంటే గట్టిది పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్‌కు బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో పనిచేసే తాళంచెవి. ఎందుకంటే అది అసలు సైట్‌లోనే పనిచేస్తుంది. అచ్చం అలాగే కనిపించే నకిలీ సైట్‌లో మీరు పొరబడినా, అది పొరబడదు.

ఎస్‌ఎంఎస్‌ను ఎందుకు తక్కువ చేస్తున్నానంటే, "నా సిమ్ పోయింది, కొత్తది ఇవ్వండి" అని మీ పేరుతో అడిగి మీ నంబర్‌ను దొంగలు తమ సిమ్‌లోకి మార్పించుకోగలరు. 2019 ఆగస్టులో అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతాలోనే వేరేవాళ్లు పోస్టులు పెట్టారు. వాళ్ల చేతికి చిక్కింది ఆయన ఫోన్ నంబరే. మీ ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాళ్లకు మాత్రం వస్తుంటే టవర్ సమస్యే అనుకుని కూర్చోకండి. వేరే ఫోన్ నుంచి మీ మొబైల్ కంపెనీకి కాల్ చేయండి. నంబర్ మార్పిడికి అదనపు పిన్ పెట్టే వీలుందేమో కూడా ముందే కనుక్కోండి.

రెండో తాళం పెట్టేటప్పుడు బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. ఫోన్ పోతే మీరు లోపలికి వెళ్లే దారి అదే కాబట్టి వాటిని కాగితం మీద రాసి దాచండి. అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తాళం వేసినట్టు.

4. ఫోన్ వస్తే పెట్టేసి, మీరే చేయండి

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం సార్, మీ ఖాతా ఇంకో పది నిమిషాల్లో ఆగిపోతుంది." మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, కార్డు చివరి అంకెలు కూడా చెబుతాడు. నిజంగా బ్యాంకువాడే అనిపిస్తుంది. పైన అనుకున్నాం కదా, సగం వివరాలు ఇప్పటికే బయట ఉన్నాయని. అవి చెప్పినంత మాత్రాన రుజువు కాదు. తెరమీద కనిపించే నంబర్ కూడా రుజువు కాదు, దాన్ని మార్చి చూపించవచ్చు.

"సరే, నేనే చేస్తాను" అని పెట్టేయండి. మొహమాటం అక్కర్లేదు. కార్డు వెనుక ముద్రించిన నంబర్‌కు మీరే చేయండి. గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన నంబర్‌కు చేయకండి, దొంగలు అక్కడ కూడా తమ నంబర్లు పెడతారు. మెసేజ్‌లో వచ్చిన లింకులకూ ఇదే పద్ధతి: లింకు నొక్కకుండా యాప్‌ను మీరే తెరవండి.

5. జిరాక్స్ ఇచ్చేముందు పెన్ను తీయండి

గుర్తింపు కార్డు కాపీ ఇవ్వక తప్పని చోట, దాని మీద అడ్డంగా రాయండి. ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇస్తున్నారో ఉండాలి: "ఇల్లు అద్దెకు తీసుకోవడానికి మాత్రమే" అని, ఎవరికి ఇస్తున్నారో వాళ్ల పేరు, తేదీ, మీ సంతకం. మూలన ఖాళీలో రాస్తే కత్తిరించేస్తారు, అందుకే రాత అక్షరాల మీదుగా, ఫొటో అంచు మీదుగా వెళ్లాలి. అయినా వివరాలు చదవడానికి వీలుగా ఉండాలి, లేకపోతే తిప్పి పంపుతారు. ఫోన్‌లో పంపేటప్పుడు ఫొటో మీద కూడా ఇలాగే రాయవచ్చు.

అడగని వివరాలు కొట్టేయడంలో ఒక తిరకాసు ఉంది. ఫోన్‌లో హైలైటర్ గుర్తుతో నల్లగా రుద్ది, కనిపించడం లేదులే అనుకుంటాం. ఆ గీత పారదర్శకంగా ఉంటుంది. ఎవరైనా ఆ బొమ్మ వెలుతురు పెంచితే కింద అంకెలు తేలిపోతాయి. పూర్తిగా కప్పే గడి బొమ్మ పెట్టి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌ను పంపండి. పీడీఎఫ్‌లో నల్ల గడి పెట్టినా కింద అక్షరాలు అలాగే ఉండి, కాపీ చేస్తే వచ్చేస్తాయి. కాగితం మీద మార్కర్‌తో కొట్టేసినా లైటుకు ఎత్తి చూస్తే కనిపిస్తుంది. కొట్టేసి మళ్లీ జిరాక్స్ తీయించండి.

పాత బ్యాంకు కాగితాలు, పార్సిల్ మీది అడ్రస్ చీటీలు చించి పారేయండి. పాత ఫోన్ అమ్మేముందు ఖాతాల నుంచి బయటకు వచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి.

6. లోకానికి మీరే చెప్పేవి తగ్గించండి

పుట్టినరోజు శుభాకాంక్షలు ఎవరికి చేదు? కానీ పుట్టిన సంవత్సరం దాచేయండి. లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 జనాభా లెక్కలు తీసుకుని, పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టవచ్చని లెక్కగట్టారు.

ఇక విమానం ఎక్కేముందు బోర్డింగ్ పాస్ ఫొటో పెట్టే సరదా. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ 2020లో అలా పెడితే, అందులోని బుకింగ్ నంబర్‌తో సైట్‌లోకి వెళ్లిన ఒకతను ఆయన పాస్‌పోర్ట్ నంబర్, ఫోన్ నంబర్ పట్టేశాడు. అతను మంచివాడు కాబట్టి అధికారులకు చెప్పాడు. బోర్డింగ్ పాస్‌ను విమానంలో సీటు జేబులోనూ వదిలేయకండి.

7. కనిపెట్టి ఉండండి

ప్రతి లావాదేవీకీ మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి, ఎంత చిన్న మొత్తమైనా సరే. దొంగలు కార్డు పనిచేస్తుందో లేదో చూడడానికి ముందు చిల్లర మొత్తమే తీస్తుంటారు. మీది కాని చిన్న ఖర్చు కనిపిస్తే "పోనీలే" అనకండి.

ఏడాదికోసారైనా క్రెడిట్ రిపోర్ట్ (మీ పేరున ఉన్న అప్పుల చిట్టా, క్రెడిట్ సంస్థలు ఇస్తాయి) తెప్పించుకుని, మీకు తెలియని అప్పు గానీ, మీరు అడగని అప్పు కోసం విచారణ గానీ ఉందేమో చూడండి. కొన్ని దేశాల్లో రిపోర్ట్‌ను ఫ్రీజ్ చేయించుకోవచ్చు. అప్పుడు కొత్తగా అప్పిచ్చేవాళ్లు దాన్ని చూడలేరు, చూడకుండా మామూలుగా ఎవరూ మీ పేరున కొత్త అప్పు ఇవ్వరు. అమెరికాలో 2018 సెప్టెంబరు నుంచి ఇది ఉచితం. మీరుండే చోట ఆ సౌకర్యం ఉంటే తప్పక వాడుకోండి, ఇంత తక్కువ శ్రమకు ఇంత రక్షణ ఇచ్చేది ఇంకోటి లేదు. పిల్లల పేర్లు కూడా చూడండి. పిల్లల పేరున జరిగిన మోసం, వాళ్లు పెద్దయి మొదటిసారి అప్పు అడిగేదాకా ఎవరి కంటా పడదు.

8. జరిగిపోయిందని తెలిస్తే

టెన్షన్‌లో ఏది ముందో తోచదు. బ్యాంకుకు ఫోన్ చేసి కార్డులు, ఖాతాలు ఆపించండి. తర్వాత నమ్మకమైన వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగవుట్ చేయించండి. ఫార్వర్డింగ్ మళ్లీ చూడండి. సిమ్ మీద అనుమానముంటే మొబైల్ కంపెనీ. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు, క్రెడిట్ సంస్థకు రాతపూర్వకంగా "ఈ అప్పు నాది కాదు" అన్న అభ్యంతరం. ఫిర్యాదు కాపీ తప్పకుండా తీసుకోండి, తర్వాత ప్రతిచోటా అడిగేది అదే.

మొదటి ఫోన్ చేసేముందే ఒక నోటుపుస్తకం తెరవండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో మాట్లాడారు, వాళ్లు ఏం చెప్పారు, ఫిర్యాదు నంబర్ ఎంత, అన్నీ రాయండి. మూడు నెలల తర్వాత ఎవరో "మీరు మాకు ముందే చెప్పలేదు" అంటారు. అప్పుడు ఆ పేజీ తీసి తేదీ, ఫిర్యాదు నంబర్ చదివి వినిపించవచ్చు.