డెబియన్ 12 నుంచి 13కు మారే ముందు జాగ్రత్తలు

గుంటూరు బ్రాడీపేటలోని మా ఆఫీసు సర్వర్‌లో డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 12 నుంచి 13వ వెర్షన్‌కు మార్చే ముందు బ్యాకప్‌కే ఎక్కువ సమయం కేటాయిస్తాను. కాపీ తీయడంతో సరిపెట్టక, డేటాబేస్‌ను వేరే యంత్రంలో పునరుద్ధరించి చూడాలి. ఒకసారి బ్యాకప్ ఫైలు పేరు, తేదీ సరిగానే ఉన్నా, పరిమాణం మాత్రం 0 బైట్లు.

డెబియన్ 11 ఉన్నవారు నేరుగా 13కు వెళ్లకూడదు, ముందు 12కు మారి తీరాలి. యంత్రం మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే బూట్ విభాగంలో ఖాళీ ఉండాలి. అది నిండిపోతే కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) స్థాపన మధ్యలో ఆగిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి)తో దూరం నుంచి చేసేవారు, లైను తెగినా పని కొనసాగేలా, టీమక్స్ (కనెక్షన్ పోయినా సర్వర్‌లో సెషన్‌ను నిలిపి ఉంచే ప్రోగ్రాం)లోనే అప్‌గ్రేడ్ ఆదేశం నడపాలి. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు)కు సిస్టమ్ పెట్టిన పేరు మారిపోతే బయటినుంచి లోపలికి వెళ్లలేము కనుక, సర్వర్ దగ్గర మానిటరు, కీబోర్డుతో ఒకరు ఉండటం తప్పనిసరి. వేసవిలో కరెంటు పోతుందేమోనన్న భయం ఉంటే, యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో ముందే పరీక్షించి, తెల్లవారుజామున మొదలుపెట్టండి.