లారీ కెమెరా: రికార్డు కాకపోతే, డ్రైవరు మూసేస్తే

చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ దిమ్మెలు తోలే మా బండ్లలో కెమెరాల బాగోగులు చూసేది నేనే. నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు, వాటికి మేం కనుక్కున్న మందులు ఇవి.

ప్రమాదం జరిగింది, కార్డులో ఆ వీడియో లేదు

మా బండికి రెండు కెమెరాలు: ముందు రోడ్డుకొకటి, క్యాబిన్‌లో డ్రైవరు వైపు ఒకటి. రెండు కెమెరాలూ సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు 13 జీబీ దాటుతుంది. 64 జీబీ కార్డు 5 గంటలు కూడా రాదు, తర్వాత పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది. ప్రమాదమయ్యాక ఇంజను ఆపకుండా స్టేషను దాకా, అక్కణ్ణుంచి షెడ్డు దాకా తోలితే అసలు ముక్క చెరిగిపోతుంది. అందుకే మా డ్రైవర్లకు చెప్పేది ఇదీ: మొదట మనుషుల్ని చూడు, 108కి ఫోన్ చెయ్యి. తర్వాత ఆ వీడియో చెరగకుండా కాపాడే లాక్ బటన్ నొక్కు, కెమెరాకు కరెంటు ఆపి కార్డు తీసి జేబులో పెట్టుకో. ఆ కార్డు మళ్లీ ఏ బండిలోనూ పెట్టకూడదు. కోర్టులో వీడియో చెల్లాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అసలు కార్డు చెక్కుచెదరకుండా ఉంటే ఆ పని సులువు.

ఇంకో కారణం క్వారీ దారి. గుంటలో పడ్డ ప్రతిసారీ కుదుపు సెన్సారు దాన్ని ప్రమాదమనుకుని ఫైలుకు తాళం వేస్తుంది. తాళం వేసిన ఫైళ్లతో కార్డు నిండితే కొత్త రికార్డింగు ఆగిపోతుంది. సెన్సిటివిటీ తగ్గించండి, కావలసినవి దాచుకుని నెలకోసారి కార్డు ఫార్మాట్ చేయండి. ఫోన్లో వాడే మామూలు కార్డు ఈ నిరంతర రాతకు త్వరగా చచ్చిపోతుంది. హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నదే కొనండి.

సెల్ఫ్ కొట్టగానే కెమెరా ఆగి మళ్లీ మొదలవుతోంది

సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా పడిపోవడమే దీనికి కారణం. లారీది 24 వోల్టులు, అంటే వరుసగా కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీలు. కొందరు ఎలక్ట్రీషియన్లు ఒక్క బ్యాటరీ నుంచే కెమెరాకు వైరు లాగుతారు. దాంతో ఒక బ్యాటరీ దిగిపోతుంది, రెండోది అతిగా ఛార్జయి పాడవుతుంది. 9 నుంచి 36 వోల్టుల వరకు తట్టుకునే కెమెరా తీసుకుని, ఫ్యూజు పెట్టి రెండు బ్యాటరీల మొత్తం నుంచి కరెంటు ఇవ్వండి. క్యాబిన్ ఎత్తినప్పుడల్లా ఆగిపోతుంటే వైరు బిగుతుగా ఉందని అర్థం, మలుపు దగ్గర కొంచెం వదులు వదలాలి.

పొద్దున బొమ్మ తెల్లగా వెలిసిపోతోంది

చీమకుర్తి నుంచి ఒంగోలుకు వచ్చే బండికి పొద్దున సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. అద్దం మీద రాతి దుమ్ము ఉంటే ఇక చెప్పక్కర్లేదు. వైపర్ తుడిచే చోటే కెమెరా పెట్టండి, అద్దం లోపలి వైపు కూడా తుడవండి, బొమ్మలో ఆకాశం మూడో వంతు మించకుండా కిందికి వంచండి.

డ్రైవరు కెమెరా మీద తువ్వాలు వేస్తున్నాడు

ఇక్కడ చెడింది యంత్రం కాదు. ఒక డ్రైవరన్న నన్ను నేరుగా అడిగాడు, “నన్ను నమ్మకపోతే బండెందుకిచ్చారు సామీ?” అని. ఆ మాటలో న్యాయముంది. నిద్రపోయేది, అన్నం తినేది, ఇంటికి ఫోన్ చేసుకునేది అదే క్యాబిన్‌లో. అందుకే మైకు ఆపేశాం, బండి ఆగితే లోపలి కెమెరా కూడా ఆగేలా పెట్టాం. ఓనరు చూసేది హెచ్చరిక వచ్చిన ముక్కనే, అదీ ముందు డ్రైవరుకు చూపించాకే. కావలి దాటాక డివైడర్ సందులోంచి బైకు అడ్డమొచ్చిన రోజు పెద్ద బండిదే తప్పని జనం మా డ్రైవరును చుట్టుముట్టారు. అతణ్ని కాపాడింది ముందు కెమెరా. ఆ తర్వాత తువ్వాలు వేసినవాడు లేడు.

నిద్ర హెచ్చరిక అదేపనిగా మోగుతోంది

డ్రైవరు కళ్లు మూతపడుతున్నాయనుకుంటే లోపలి కెమెరా మోగించేది ఇది. ముందు నల్ల కళ్లద్దాలు, కెమెరా ఎత్తు సరిచూడండి. అవి సరిగ్గా ఉండీ రాత్రి 2 దాటాక మోగుతుంటే అది నిజంగా నిద్రే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లు కన్ను మూతపడితే బండి 50 మీటర్లు పోతుంది. దీనికి మందు సెట్టింగుల్లో లేదు, ట్రిప్పు టైములో ఉంది. రెండోసారి మోగితే బండి పక్కకు తీసి పడుకోమన్నాం. లోడు ఆలస్యమైతే రేవుకు జవాబు చెప్పుకునేది ఓనరే, డ్రైవరు కాదు.