వేసవి పరిశోధనకు దసరా నుంచే సిద్ధం కావాలి

నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. ఏటా ఏప్రిల్ నెలలో ఒకరిద్దరు విద్యార్థులు వచ్చి, ఈ సెలవుల్లో ఏదైనా పెద్ద ప్రయోగశాలలో పనిచేసే వీలుందా అని అడుగుతారు. వారి ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది, కానీ అప్పటికి దరఖాస్తుల గడువు ముగిసి నెలలు గడిచి ఉంటుంది. పరికరాలు సరిగా లేని కళాశాలల పిల్లలు వెనకబడుతున్నది తెలివితేటలు తక్కువై కాదు, ఈ సంగతి సమయానికి చెప్పేవారు లేక. అందుకే దసరా సెలవుల్లోనే పని మొదలుపెట్టమని చెబుతున్నాను.

ముందుగా చూడవలసినది మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్. బెంగళూరులో 1934లో సి.వి.రామన్ స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దీన్ని నిర్వహిస్తాయి. ఎంపికైనవారు దేశంలోని ఏదో ఒక పరిశోధన సంస్థలో లేదా విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేస్తారు. స్టైపెండ్, రైలు ఛార్జీలు ఇస్తారు. నాలుగు వారాలకు ఒక నివేదిక, ఎనిమిది వారాలకు తుది నివేదిక రాయవలసి ఉంటుంది. దరఖాస్తులు సాధారణంగా శీతకాలం మొదట్లోనే, అంటే నవంబరు ప్రాంతంలో తీసుకుంటారు. ఇదే కార్యక్రమంలో అధ్యాపకులకు కూడా అవకాశం ఉందన్న మాట నా తోటి అధ్యాపకుల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను.

మిగిలినవాటి గడువులు చాలావరకు నవంబరుకూ ఫిబ్రవరికీ మధ్య వస్తాయి. బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రం వేసవి ఫెలోషిప్ ఇస్తుంది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ విజిటింగ్ స్టూడెంట్స్ రీసెర్చ్ ప్రోగ్రాం నడుపుతుంది. ఖగోళశాస్త్రం ఇష్టమైనవారు పుణెలోని అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా వైపు చూడాలి. బీఎస్సీ తొలి ఏళ్లలో ఉన్నవారికి హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యాకేంద్రం 2004లో ప్రారంభించిన ఎన్ఐయూఎస్ (నేషనల్ ఇనిషియేటివ్ ఆన్ అండర్‌గ్రాడ్యుయేట్ సైన్స్) ఉంది. గణితం వారికి మాత్రం నేను మొదట చెప్పేది ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) అనే వేసవి శిక్షణ గురించే. దీన్ని 1993లో మొదలుపెట్టిన ఆచార్య ఎస్. కుమరేశన్ తర్వాతి కాలంలో మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే పనిచేశారు. నాలుగు వారాలపాటు అక్కడ సిద్ధాంతాన్ని నల్లబల్ల మీద రాసి అప్పగించరు. ప్రశ్నలు వేస్తూ విద్యార్థి చేతనే కట్టిస్తారు. గైడ్లు చదివి పరీక్షలు గట్టెక్కడం అలవాటైన మనవారికి మొదటి వారం ఊపిరాడదు, కానీ ఆ నెల రోజుల తర్వాత గణితాన్ని చదివే పద్ధతే మారిపోతుంది.

మరొక విషయం చాలామంది గమనించడం లేదు. ఇంటర్ బోర్డు పరీక్షలో తొలి ఒక శాతంలో నిలిచి మూలవిజ్ఞాన (భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల వంటి) డిగ్రీలో చేరినవారికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేల రూపాయలు. అందులో 60 వేలు చదువుకు, 20 వేలు వేసవి పరిశోధన ప్రాజెక్టుకు ఉద్దేశించినవి. మీరు ఆ జాబితాలో ఉంటే, హైదరాబాద్‌లోని సీసీఎంబీ (జీవశాస్త్రం), ఐఐసీటీ (రసాయనశాస్త్రం), ఎన్‌జీఆర్ఐ (భూభౌతికశాస్త్రం) పరిశోధన సంస్థలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తిరుపతిలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వంటి చోట్ల పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు నేరుగా మెయిల్ రాసి ప్రాజెక్టు అడగవచ్చు. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపకండి. ఒక శాస్త్రవేత్త రాసిన ఒక పరిశోధన వ్యాసపు సారాంశమైనా చదివి, అందులో మీకు అర్థమైనదేమిటో, అర్థం కానిదేమిటో నాలుగు వాక్యాల్లో రాయండి.

దరఖాస్తులో అసలు బరువంతా మీరేం చేయాలనుకుంటున్నారో చెప్పే చిన్న పేరా మీదే ఉంటుంది. అది ఆంగ్లంలో ఉండాలి గనుక మన పిల్లలు భయపడి, అంతర్జాలంలో దొరికిన పెద్ద మాటలు తెచ్చి అతికిస్తారు. నా సలహా ఏమిటంటే, ముందు తెలుగులో రాసుకోండి, ఆలోచన తేటపడ్డాక ఆంగ్లంలో పెట్టండి. "నాకు చిన్నప్పటి నుంచి విజ్ఞానశాస్త్రం అంటే ప్రాణం, నానోటెక్నాలజీలో దేశానికి సేవ చేయాలని ఉంది" అని మొదలయ్యే పేరా చదివేవారికి ఏమీ చెప్పదు. దాని బదులు నల్లగొండ జిల్లా విద్యార్థి ఒకరు ఇలా రాయవచ్చు: "మా ఊరి బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపితే ఏర్పడే మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది, కానీ నీటిలో కొంత అల్యూమినియం మిగిలే అవకాశం ఉంది. పటిక మోతాదు, పీహెచ్ మారుస్తూ ఈ రెండింటినీ కలిపి కొలవడం నేర్చుకోవాలని ఉంది. మా కళాశాలలో టైట్రేషన్లు చేశాను. ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌ను మాత్రం ఇంతవరకు చూడలేదు." ఆ చివరి వాక్యం రాయడానికి సిగ్గుపడవలసిన పని లేదు. లేనిది లేదని చెప్పి, ఉన్నదానితో ఏం చేశారో చెప్పేవారినే గైడ్, అంటే మీతో పని చేయించే శాస్త్రవేత్త, నమ్ముతారు.

తర్వాతది అధ్యాపకుల సిఫారసు లేఖ. "సత్ప్రవర్తన కలవాడు, కష్టపడి చదువుతాడు" అన్న లేఖ దరఖాస్తుకు బలం ఇవ్వదు. వందమందికి పాఠం చెప్పే సారుకో మేడమ్‌కో మీ సంగతులన్నీ గుర్తుండవు గనుక, మీ మార్కులు, చేసిన ప్రయోగాలు, మీరు రాసిన పేరా ఒక కాగితం మీద పెట్టి గడువుకు మూడు వారాల ముందే ఇవ్వండి. టైట్రేషన్‌లో రీడింగులు కలవకపోతే ద్రావణం మళ్లీ తయారుచేసుకుని మొదటినుంచి చేశారనుకోండి, ఆ ఒక్క సంగతి లేఖలోకి వస్తే చాలు. లేఖ పంపారో లేదో గడువుకు ముందే మర్యాదగా కనుక్కోండి. విద్యార్థి వంతు అంతా పూర్తయి, లేఖ చేరక దరఖాస్తు ఆగిపోవడం కన్నా బాధాకరమైనది ఇంకోటి లేదు.

ఎంపికయ్యాక ఎదురయ్యే మొదటి చిక్కు పరీక్షలు. మన విశ్వవిద్యాలయాల సరిసంఖ్య సెమిస్టర్ పరీక్షలు ఒక్కోసారి జూన్ దాకా జరుగుతాయి. టైం టేబుల్ రాగానే గైడ్‌కు రాసి, చేరే తేదీని మార్చమని అడగండి. దాచిపెట్టి మధ్యలో వెళ్లిపోవడం మాత్రం వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ వారికి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి గనుక, ఈ రెండు నెలలను దాని కింద లెక్కిస్తారేమో ప్రిన్సిపాల్‌ను ముందే లిఖితపూర్వకంగా అడగడం మంచిది. రెండవది డబ్బు. ఛార్జీలు, స్టైపెండ్ చేతికి రావడానికి కొంత సమయం పడుతుంది, కాబట్టి మొదటి నెల ఖర్చు ముందే సమకూర్చుకుని, టికెట్లు భద్రపరచుకోండి. హాస్టల్ సంగతి ఎంపిక ఉత్తరం రాగానే అడగండి. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి ఇంట్లో సందేహిస్తే, ఆ సందేహాన్ని కొట్టిపారేయకుండా హాస్టల్ వివరాలు, గైడ్ కార్యాలయం ఫోన్ నంబరు అమ్మానాన్నల చేతిలో పెట్టండి.

ప్రయోగశాలలో మొదటి రోజుల్లో అన్నీ కొత్తగానే ఉంటాయి. అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్‌నే తీసుకోండి. బొటనవేలితో నొక్కితే దానికి రెండు మెట్లు తగులుతాయి. మొదటి మెట్టు దాకా నొక్కి ద్రవాన్ని పీల్చుకోవాలి, వదిలేటప్పుడు రెండో మెట్టు దాకా నొక్కాలి. ఇది తెలియక రెండో మెట్టు నుంచి పీల్చితే కొలత ఎక్కువై రోజంతా చేసిన పని పాడవుతుంది. తెలియదని చెప్పి ఒక్కసారి చూపించమని పక్కనున్న పీహెచ్‌డీ విద్యార్థిని అడగండి, తర్వాత వెయ్యి మైక్రోలీటర్ల నీటిని త్రాసు మీద వదిలి ఒక గ్రాము వస్తోందో లేదో చూసుకుంటూ సాధన చేయండి. చేసిన ప్రతి పనినీ అదే రోజు తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి, పాడైన ప్రయోగాన్ని కూడా. నాలుగో వారపు నివేదిక ఆ పేజీల నుంచే వస్తుంది.

తిరిగి వచ్చే ముందు గైడ్‌ను అడిగి, ఏ ఫలితాలను బయట చూపవచ్చో, ఏవి ప్రచురణ అయ్యేదాకా చూపకూడదో తెలుసుకోండి. తుది నివేదిక ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, ఎమ్మెస్సీ లేదా పీహెచ్‌డీ దరఖాస్తుకు సిఫారసు రాస్తారా అని అక్కడ ఉన్నప్పుడే అడిగి రండి.