చిన్న చేనా, పెద్ద చేనా: దిగుబడి తేడా సరిగ్గా తేల్చడం ఎలా

చిన్న కమతంలో ఎకరాకు ఎక్కువ పండుతుందన్న మాట పాతదే. భారతదేశపు లెక్కలతో ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1962లో దీని మీద రాశారు, అప్పుడు ఊపందుకున్న వాదన ఇంకా తెగలేదు. మీ చేలల్లో సంగతేంటో చూడాలంటే ముందు టేపు పట్టుకోండి.

ఎందుకంటే, నోటి లెక్కన ఎకరం అంటున్న మడి కొలిస్తే 90 సెంట్లే తేలొచ్చు. అందులో 18 క్వింటాళ్లు పండితే ఎకరాకు 18 అనేసుకుంటాం, నిజానికది 20. ఫోన్‌లో జీపీఎస్ పెద్ద చేనుకు ఫర్వాలేదు గానీ చిన్న మడికి నాలుగు మీటర్ల తేడా వచ్చినా లెక్క మొత్తం తారుమారే.

బస్తాలు లెక్కపెట్టడం కూడా మానండి, ఏ రెండు బస్తాలూ ఒక్క బరువుండవు. కోతకు ముందు చేలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు చదరం గుర్తు పెట్టండి. పైరు బాగున్న వైపే కాళ్లు లాగుతాయి (నాకూ అంతే), అందుకే గట్టు నుంచి ఎన్ని అడుగులు నడవాలో చీటీ తీసి, ఆగిన చోటే పుల్లలు పాతి తాడు కట్టాలి. కోసి, నూర్చి, తూచి, వచ్చిన కిలోలను 162తో గుణించండి (ఎకరంలో ఇలాంటి చదరాలు దాదాపు అన్ని పడతాయి). 12.5 కిలోలొస్తే ఎకరాకు దాదాపు 20 క్వింటాళ్లు. ఒక చేలో కనీసం మూడు చదరాలు కోయండి. తేమ కూడా చూడాలి: 20 శాతం తేమ ఉన్న ఆ 12.5 కిలోలే 14 శాతానికి ఆరితే 11.6 అవుతాయి.

గట్టు వారన మొక్కలకు ఎండా గాలీ బాగా తగులుతాయి, తరచూ కాపూ ఎక్కువే. పది మీటర్ల చదరపు మడిలో అంచు మీటరు వెడల్పున తీస్తే విస్తీర్ణంలో 36 శాతం, వంద మీటర్ల చదరపు చేలో 4 శాతమే. చిన్న మడి గొప్పంతా మట్టిదీ చాకిరీదీ అనుకునే ముందు అంచును, లోపలి భాగాన్ని విడివిడిగా తూచి చూడండి.

పోల్చే చేలల్లో విత్తనం, సీజను, నేల ఒకటే అయ్యుండాలి, వీలైతే సేద్యం చేసే మనిషి కూడా. ఏడాదికి ఒక చోట రెండు పంటలు, ఇంకోచోట ఒకటే అయితే ఏడాది మొత్తం దిగుబడి విలువ చూడాలి.

చివరగా ఇంటి చాకిరీ. చిన్న కమతంలో ఇంటిల్లిపాదీ కలుపు తీస్తారు, ఆ రోజులు ఎవరూ రాయరు. పనిదినాలన్నీ నోట్‌బుక్‌లో రాసి, బయటి కూలీకి ఇచ్చే రేటే వాళ్లకూ వేయండి. ఎకరా లెక్కన గెలిచిన చేను, మనిషి రోజు లెక్కన చాలాసార్లు ఓడిపోతుంది, కాబట్టి రెండు లెక్కలూ పక్కపక్కనే ఉంచుకోండి.